బోర్డర్‌లెస్ ప్రింటులో తలలు తెగుతున్నాయి, ఒక చివర మాత్రం తెల్లగీత మిగులుతోంది

వానకోయిల:

నమస్కారమండీ. మూడు రోజులుగా ఒకే పనిమీద కూర్చున్నాను, కదలడం లేదు. ఫొటో ప్రింట్ల సంగతి తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మా అమ్మ కోసం ఆల్బమ్ తయారుచేస్తున్నాను. 4×6 అంగుళాల ఫొటోలు దూర్చే జేబులుంటాయి దాంట్లో, మొత్తం 48. ఫోన్‌తో తీసినవి 26, పాత ఫొటోలు స్కాన్ చేసినవి 11, తమ్ముడి కెమెరాలోవి 11. ఇంట్లో ఉన్నది రంగుల ఇంక్‌జెట్ ప్రింటరు, స్కానరు కూడా అందులోనే ఉంది. కాగితం 4×6 గ్లాసీ. విండోస్ ల్యాప్‌టాప్ నుంచి ప్రింటు పంపుతున్నాను. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ అంటే వచ్చే కిటికీలోంచే పంపాను. పేపర్ సైజుల జాబితాలో 4×6 అని నాకెక్కడా కనిపించలేదు. చూడ్డానికి అంతే సైజుగా ఉందని ఏ6 బోర్డర్‌లెస్ (మార్జిన్ లేకుండా అంచుల దాకా వచ్చేది) పెట్టాను.

వచ్చిన తిప్పలు ఇవీ. పైనా కిందా ఫొటో బాగా తెగిపోతోంది. ఒక చివర అసలు మార్జిన్ లేకుండా నిండుగా వస్తుంది, రెండో చివర మాత్రం సన్నటి తెల్లగీత మిగులుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే 2 మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువ. ఆ గీత ఉన్న వైపే, చివరి సెంటీమీటరులో అడ్డంగా సన్నటి చారలు కూడా పడుతున్నాయి. ఒక ప్రింటుకైతే వెనకవైపు నల్లటి మరక అంటింది.

అన్నిటికంటే నన్ను బాధపెడుతున్నది ఒక గ్రూప్ ఫొటో. ఫోన్‌తో అడ్డంగా తీసింది. ఎడమ చివర కుర్చీలో అమ్మమ్మ కూర్చుని ఉంటుంది. కుర్చీ చేతిమీద పెట్టుకున్న ఆవిడ చెయ్యి ఫొటో అంచుకు దాదాపు ఆనుకుని ఉంటుంది. వెనక నిలబడ్డ మామయ్య తల పైఅంచుకు దగ్గరగా ఉంటుంది. ప్రింటులో మామయ్య జుట్టు పోయింది, నుదురు సగం పోయింది. అమ్మమ్మ వేళ్లు పోయాయి. ఆవిడ ఉన్న చివరి గ్రూప్ ఫొటో అది. ఆ వేళ్లు లేకుండా ఆ ఫొటో ఆల్బమ్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇప్పటికి 9 కాగితాలు పోయాయి. ప్రింటరు పాడయిందా, నేనే ఏదో తప్పు చేస్తున్నానా?

పచ్చరిబ్బన్:

ఆ ప్రింట్ కిటికీలో కింద "ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్" అని ఒక టిక్కు ఉంటుంది చూడండి. అది తీసేయండి. ఫొటో మొత్తం వస్తుంది, తలలు తెగవు. నేను అలాగే తీసుకుంటాను.

వానకోయిల:

తీసి చూశానండీ. తలలు వచ్చాయి కానీ రెండు పక్కలా వెడల్పుగా తెల్లటి ఖాళీ వచ్చింది. అంచుల దాకా నిండుగా రావాలనే కదా ఇదంతా.

సిరాబుడ్డి:

వానకోయిల గారూ, మీ ప్రింటరుకు ఏమీ కాలేదు. మీ దగ్గర మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. విడదీసి చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను ఈ పని చాలా ఏళ్లుగా ఇంట్లోనే చేసుకుంటున్నాను. నాన్నగారి ఫొటోలన్నీ ఇలా ప్రింటు తీసి పెట్టుకున్నవే.

ముందు తెల్లగీత. ఏ6 అంటే 105×148 మిల్లీమీటర్లు. 4×6 అంగుళాలంటే 102×152. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ మీ కాగితం 4 మిల్లీమీటర్లు పొడుగు, 3 మిల్లీమీటర్లు సన్నం. ప్రింటరు 148 మిల్లీమీటర్ల దగ్గర కాగితం అయిపోయిందనుకుంది. ఆపైన అలవాటు ప్రకారం ఇంకో 2, 2న్నర మిల్లీమీటర్లు బయటికి చల్లింది. ఆ తర్వాత మిగిలిందే మీరు కొలిచిన తెల్లగీత. మీరు స్కేలు పెట్టి కొలవడం చాలా మంచిపని అయింది, ఆ అంకె వల్లే సంగతి తెలిసింది. మీ జాబితాలో 4×6 ఉండే ఉంటుంది, పేరు వేరుగా ఉంటుంది. "10×15 సెంటీమీటర్లు" అని వెతకండి, అదే ఇది.

ఇప్పుడు అసలు విషయం. బోర్డర్‌లెస్ అంటే ప్రింటరు సరిగ్గా అంచు మీద ఆగుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఆగడం దానికి సాధ్యం కాదు. కాగితం అర మిల్లీమీటరు అటో ఇటో జరిగినా తెల్లగా కనిపించిపోతుంది. అందుకని అది ఫొటోను కాగితం కంటే కొంచెం పెద్దది చేసి, అంచులు దాటించి సిరా చల్లుతుంది. బయట పడిన సిరాను కాగితం కింద ఉన్న స్పాంజి పీల్చుకుంటుంది. కాబట్టి నాలుగు వైపులా కొంత ఫొటో ఆ స్పాంజిలోకి పోవాల్సిందే. మామూలుగా ఒక్కో వైపు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పోతుంది. మీ అమ్మమ్మ గారి వేళ్లు పోయింది ఇక్కడే.

మామయ్య గారి తల సంగతి వేరు. ఫోన్ ఫొటోలు చాలావరకు 4:3 కొలతలో ఉంటాయి, అంటే పొడవు 4 పాళ్లయితే ఎత్తు 3. 4×6 కాగితం 3:2. ఫొటోను కాగితం పొడవుకు సరిపెడితే ఎత్తు 114 మిల్లీమీటర్లు వస్తుంది, కాగితం ఎత్తు 102 లోపే. దాదాపు 13 మిల్లీమీటర్లు ఎక్కువైంది కదా, దాన్ని సాఫ్ట్‌వేర్ పైనుంచి సగం, కిందినుంచి సగం కోసేస్తుంది. అంటే పైన 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువే పోయింది. దానికి బోర్డర్‌లెస్ పెంపు కలిపితే దాదాపు 9. పచ్చరిబ్బన్ గారు చెప్పిన టిక్కు తీస్తే ఈ కోత ఆగుతుంది, కానీ అప్పుడు ఎత్తుకు సరిపెట్టినట్టవుతుంది, పక్కల 8 మిల్లీమీటర్ల పైన ఖాళీ మిగులుతుంది. మీరు చూసిన వెడల్పాటి తెలుపు అదే.

ఒక హెచ్చరిక. ఏ6 ఆకారం 4:3కి కాస్త దగ్గరగా ఉంటుంది. మీరు పేపర్ సైజు సరిచేయగానే తెల్లగీత పోతుంది కానీ పైనా కిందా కోత ఇప్పటికంటే ఇంకొంచెం పెరుగుతుంది. అది చూసి కంగారుపడకండి.

తమ్ముడి కెమెరా ఫొటోలకు ఈ బెడద ఉండకపోవచ్చు. అలాంటి కెమెరాలు ఎక్కువగా 3:2లోనే తీస్తాయి. వాటికి అంచు పెంపు ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది. ముందుగా ఒక్క కాగితం ఖర్చుపెట్టి మీ ప్రింటరు ఏ వైపు ఎంత మింగుతుందో కనుక్కోండి. నేను దీన్ని గీతల పరీక్ష అంటాను. ఏదైనా ఫొటో ఎడిటర్‌లో 1800×1200 పిక్సెళ్ల తెల్లటి బొమ్మ తెరవండి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అది సరిగ్గా 6×4. ఆ లెక్కన మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్లు. నాలుగు అంచుల నుంచి లోపలికి 12, 24, 36, 48, 60 పిక్సెళ్ల దగ్గర సన్నటి గీతలు గీసి, పక్కన 1, 2, 3, 4, 5 అని అంకెలు వేయండి. ఒక్కో వైపుకు ఒక్కో రంగు వాడితే తర్వాత తికమకపడరు. దాన్ని మీ అసలు ఫొటో కాగితం మీద, అసలు సెట్టింగులతోనే ప్రింటు తీయండి. మామూలు కాగితం మీద ప్రయత్నించవద్దు. మామూలు కాగితానికి బోర్డర్‌లెస్ ఇవ్వని ప్రింటర్లు ఉన్నాయి, ఇచ్చినా కాగితం నడక వేరుగా ఉంటుంది. ప్రింటు వచ్చాక ఏ వైపు ఎన్నో గీత నుంచి కనిపిస్తుందో చూడండి. మొదటి రెండు గీతలు మాయమై మూడోది అంచున ఉంటే ఆ వైపు 2 దాటి పోతుందన్నమాట. నాలుగు వైపులా ఒకేలా ఉండదు, మీరే చూస్తారు.

ఈ పెంపును కొంతవరకు తగ్గించుకోవచ్చు. కానన్ డ్రైవర్లలో (ల్యాప్‌టాప్‌లో ప్రింటరు సెట్టింగులు చూపే సాఫ్ట్‌వేర్) "అమౌంట్ ఆఫ్ ఎక్స్‌టెన్షన్" అని జరిపే పట్టీ ఉంటుంది. ఎప్సన్‌లో బోర్డర్‌లెస్ పక్కనే పెంపు ఎంతో ఎంచుకునే చోటు ఉంటుంది. కనిష్ఠం పెడితే ఫొటో తక్కువ తెగుతుంది, కానీ కాగితం ఏమాత్రం వంకరగా వెళ్లినా తెల్లగీత కనిపిస్తుంది. ట్రేలో పక్క గైడు కాగితాన్ని ఆనీ ఆననట్టు ఉండాలి. బిగిస్తే కాగితం వంగుతుంది, వదులుగా వదిలితే వంకరపోతుంది. మీకు పరీక్ష బాగా వస్తే కనిష్ఠం వాడండి, లేదంటే మధ్యస్థం.

మీ గ్రూప్ ఫొటో గురించి విడిగా రాస్తాను, అది ఆలోచించి చేయాల్సిన పని. గీతల పరీక్ష ఫలితం పెట్టండి.

లాంతరు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో రంగుల లేజర్ ప్రింటరు ఉంది. ఎంత వెతికినా బోర్డర్‌లెస్ అనేదే లేదు. సాఫ్ట్‌వేర్ ఏమైనా వేసుకోవాలా?

సిరాబుడ్డి:

ఏ సాఫ్ట్‌వేర్ వేసినా రాదండీ. లేజర్‌లో సిరాకు బదులు ఉండే రంగు పొడి, కాగితం అంచు దాటితే లోపలి డ్రమ్ము, వేడి రోలరు పాడవుతాయి. అందుకే చుట్టూ 4 మిల్లీమీటర్లో ఎంతో వదిలేస్తుంది. పెద్ద కాగితం మీద తీసి కత్తిరించుకోవాల్సిందే. ఇంక్‌జెట్ గ్లాసీ కాగితం మాత్రం పొరపాటున కూడా లేజర్‌లో పెట్టకండి, వేడికి ఆ పూత కరిగి రోలరుకు అంటుకుంటుంది.

స్టీలుస్కేలు:

సిరాబుడ్డి గారు చెప్పినదంతా సరే, కానీ నేను ఇంకో మాట అంటాను. అంత ముఖ్యమైన ఫొటోకు బోర్డర్‌లెస్ జోలికి ఎందుకు వెళ్లాలి?

నేనైతే ఏ4 గ్లాసీ కాగితం మీద, మామూలుగా మార్జిన్‌తోనే తీస్తాను. 4×6 ఫొటోలు రెండు, అడ్డంగా, ఒకదాని కింద ఒకటి పెడితే చుట్టూ బోలెడు జాగా మిగులుతుంది. రెండు నిలువుగా పక్కపక్కన, ఒకటి కింద అడ్డంగా పెడితే మూడు కూడా పడతాయి, కానీ అప్పుడు పక్క అంచులు బొటాబొటిగా ఉంటాయి. రెండుతోనే ఆపడం నాకు ఇష్టం. తర్వాత స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, కింద కటింగ్ మ్యాట్. బొమ్మ పైకి కనిపించేలా పెట్టి, స్కేలు ఫొటో మీద ఉంచాలి. అప్పుడు బ్లేడు జారినా వృథా ముక్క వైపే పోతుంది. ఒకేసారి నొక్కి కోయకూడదు, తేలిగ్గా మూడు నాలుగుసార్లు లాగాలి. బలంగా నొక్కి కోస్తే గ్లాసీ పూత అంచు చీలి తెల్లగా పీచులా లేస్తుంది.

ఇందులో లాభం రెండు రకాలు. ఒకటి, ఒక్క మిల్లీమీటరు కూడా మీకు తెలియకుండా పోదు. రెండు, వానకోయిల గారు చెప్పిన చారలు అసలు పడవు. ఎందుకంటే కాగితం చివర రోలరు వదిలేసే చోట మన ఫొటోయే ఉండదు.

సిరాబుడ్డి:

స్టీలుస్కేలు గారూ, ఒప్పుకుంటున్నాను. నాణ్యతలో మీ పద్ధతిదే పైచేయి. 48కీ కోయమంటే చేతులు నొప్పెడతాయి, వంద కోతల్లో ఒకటి రెండు వంకరపోతాయి. కానీ ఆ ఒక్క ఫొటోకు మీరు చెప్పిందే నేనూ చేసేవాణ్ని. వానకోయిల గారి దగ్గర ఏ4 ఫొటో కాగితం లేకపోతే ఇంకో దారి ఉంది, అదీ చెప్తాను.

ముందు ఆ చారల సంగతి. కాగితం లోపలికి వెళ్లేటప్పుడు వెనక ఒక రోలరు నెడుతుంది, ముందు ఇంకొకటి లాగుతుంది. చివరికొచ్చేసరికి వెనక రోలరు వదిలేస్తుంది, ముందుది ఒక్కటే లాగాలి. ఆ చివరి కాసింత దూరంలో కాగితం కొద్దిగా పైకి లేవవచ్చు, అడుగు తప్పవచ్చు. అక్కడే చారలు, అక్కడే మరకలు. పైనా కిందా అంచుల్లో నాణ్యత తగ్గవచ్చని ప్రింటరు పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టలేం, తగ్గించుకోగలం. కాగితం ముందే వంగి ఉంటే వ్యతిరేక దిశలో నెమ్మదిగా వంచి చదును చేయండి. ఒక్కో కాగితమే పెట్టండి. పేపర్ రకం గ్లాసీ అనే పెట్టారో లేదో చూసుకోండి, మామూలు కాగితం అని ఉంటే సిరా లెక్క తప్పుతుంది.

దాంతోపాటు ఫొటోను 180 డిగ్రీలు తిప్పి పంపే ఉపాయం ఒకటి ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. 4×6 కాగితం చిన్న అంచు ముందుగా లోపలికి వెళ్తుంది. అంటే అడ్డంగా తీసిన ఫొటోకు ఎడమో కుడో ఒక చివర ఆఖరున బయటికొస్తుంది. మనిషి ముఖం ఆ ఆఖరు చివర పడకుండా, గోడో ఆకాశమో పడేలా తిప్పుకోండి. లేత రంగు గోడ మీద చారలు పడ్డా కంటికి ఆనవు. చీకటి రంగు మీద వెంటనే కనిపిస్తాయి.

వెనక మరక ఎందుకంటే, బోర్డర్‌లెస్‌లో వరసగా తీసేకొద్దీ బయట పడ్డ సిరా కాగితం ఆనే పట్టీల మీద కూడా అంటుతుంది. కానన్ ప్రింటర్లలో దీనికి "బాటమ్ ప్లేట్ క్లీనింగ్" అని ఉంది, మామూలు ఏ4 కాగితాన్ని మడిచి విప్పి పెట్టమంటుంది. మిగతావాటిలో ప్రింటు ఏమీ లేకుండా మామూలు కాగితాలు నాలుగైదు లోపలికి పంపి బయటికి తెప్పించండి, మరక అంటడం ఆగేదాకా. స్పాంజిని మాత్రం ముట్టుకోవద్దు. అది సిరాతో తడిసి ఉంటుంది. దాన్ని తుడవబోతే అంచులు పైకి లేచి, తర్వాత ప్రతి ప్రింటుకూ రాసుకుంటాయి.

వానకోయిల:

గీతల పరీక్ష చేశానండీ. "10×15 సెంటీమీటర్లు బోర్డర్‌లెస్" జాబితాలో బాగా కింద ఉంది, నేను అక్కడిదాకా వెళ్లనే లేదు. పెంపు మధ్యస్థంలో పెట్టి తీస్తే పైనా కిందా రెండేసి గీతలు పోయి మూడోది అంచున ఉంది. ముందు వెళ్లిన చివర రెండు గీతలు పోయాయి. ఆఖరున వచ్చిన చివర మూడు పోయాయి. తెల్లగీత ఎక్కడా లేదు! అది చూడగానే ప్రాణం లేచొచ్చింది.

కనిష్ఠం పెట్టి ఇంకోటి తీశాను. ఒక పక్క వెంట్రుకవాసి తెలుపు కనిపించింది. అందుకని మధ్యస్థమే ఉంచుకుంటున్నాను.

ఏ4 ఫొటో కాగితం నా దగ్గర లేదు. గ్రూప్ ఫొటో ఏం చేయమంటారు? పైన మామయ్య తలకీ అంచుకీ మధ్య తెర మీద చూస్తే చాలా కొంచెమే ఖాళీ ఉంది. కింద మాత్రం కాళ్ల ముందు నేల చాలా ఉంది.

సిరాబుడ్డి:

నేల ఎక్కువుందన్నారు కదా, అయితే పని సులువే. సాఫ్ట్‌వేర్ పైనా కిందా సమానంగా కోసింది కాబట్టి తల తెగింది. ఎక్కడ కోయాలో మీరు చెప్పండి దానికి. ఎడిటర్‌లో క్రాప్ కొలత 3:2 పెట్టి, చట్రాన్ని పైఅంచుకు ఆనించి, కోత మొత్తం నేల వైపుకు తోసేయండి. పైన ఒక్క పిక్సెల్ కూడా వదలకండి.

ఇక అంచు పెంపు. దాన్ని ఆపలేం కాబట్టి, దానికి తినడానికి వేరే ఏదైనా పెట్టాలి. మళ్లీ 1800×1200 ఖాళీ బొమ్మ తెరవండి. మీ ఫొటోను 1740×1160కి తగ్గించి అందులో పెట్టండి. ఎడమా కుడీ 30 పిక్సెళ్లు, పైనా కిందా 20 పిక్సెళ్లు ఖాళీ మిగులుతుంది. మీకు పైన పోయేది 2 మిల్లీమీటర్లు దాటి ఉంది కదా, అంటే 24 పిక్సెళ్ల పైమాటే. అందుకని ఫొటోను నడిమధ్య పెట్టకుండా 10 పిక్సెళ్లు కిందికి జరపండి. పైన 30 వస్తుంది, కింద 10. కింద నేల కాస్త పోయినా నష్టం లేదు. అమ్మమ్మ గారు ఉన్న ఎడమ చివర ముందుగా లోపలికి వెళ్లేలా తిప్పుకోండి. అక్కడ రెండు గీతలే పోతున్నాయి, చారలూ పడవు.

ఆ మిగిలిన ఖాళీలో పక్కనున్న రంగునే పొడిగించండి. గోడ అయితే గోడ రంగు, నేల అయితే నేల రంగు. క్లోన్ పనిముట్టు (ఫొటోలో ఒకచోటి రంగును ఇంకోచోటికి నకలు చేసేది) ఉంటే అంచు పిక్సెళ్లను బయటికి దిద్దండి. అది దాదాపు మొత్తం స్పాంజిలోకే పోతుంది, అందంగా రావాల్సిన పని లేదు. కాగితం కాస్త జరిగి అర మిల్లీమీటరు కనిపించినా గోడ కొనసాగినట్టే ఉంటుంది. తెల్లగా మాత్రం వదలకండి, అదే కనిపిస్తుంది.

ప్రింటు పంపేటప్పుడు ఈ ఫైలుకు "ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్" టిక్కు ఉన్నా తేడా రాదు, ఎందుకంటే కొలత ఇప్పటికే 3:2.

ఒక ప్రశ్న. ఆ ఫొటో ఫోన్‌లోంచి నేరుగా తీసుకున్నారా, ఎవరైనా మెసేజ్‌లో పంపారా?

వానకోయిల:

పిన్ని వాట్సాప్‌లో పంపిందండీ. 1600×1200 అని చూపిస్తోంది.

సిరాబుడ్డి:

4×6కి అది సరిపోతుంది, అంగుళానికి 260 పిక్సెళ్లకు పైనే పడుతుంది. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకు బాగానే ఉంటుంది. కానీ పిన్ని గారి ఫోన్‌లో అసలు ఫొటో ఉంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, కుదించకుండా వస్తుంది. రేపెప్పుడైనా ఇదే ఫొటో ఏ4లో కావాలంటే ఈ 1600 పిక్సెళ్లు అంగుళానికి 140 కూడా రావు, ముఖాలు మెత్తగా అయిపోతాయి. ఇప్పుడే తెప్పించుకుని దాచండి. ఫోన్లు మారిపోతుంటాయి.

స్కాన్ చేసిన 11 ఫొటోల గురించి కూడా ఒక మాట. వాటిని బోర్డర్‌లెస్ చేయకండి. పాత ప్రింట్లు కొన్ని చతురస్రంగా ఉంటాయి, కొన్నిటికి చుట్టూ తెల్లటి అంచు ఉంటుంది, వెనకో ముందో చేతిరాత ఉంటుంది. ఆ తెల్ల అంచు కూడా ఆ ఫొటోలో భాగమే. దాన్ని కోసి 4×6లోకి సాగదీస్తే ఆ కాలపు ఫొటోలా ఉండదు. మార్జిన్ ఉన్న మామూలు పద్ధతిలో, మధ్యలో మొత్తంగా తీయండి. సన్నటి సమాన అంచు కావాలనుకుంటే అది కూడా మామూలు పద్ధతిలోనే. బోర్డర్‌లెస్‌లో సన్నటి తెల్ల అంచు పెడితే ఒక పక్క 3 మిల్లీమీటర్లు, ఇంకో పక్క 1 వస్తుంది, కంటికి వెంటనే తెలిసిపోతుంది.

స్టీలుస్కేలు:

ఆరబెట్టడం మర్చిపోకండి. బయటికి రాగానే పొడిగానే అనిపిస్తుంది, కానీ లోపల తేమ ఉంటుంది. వెంటనే ప్లాస్టిక్ జేబులో దూరిస్తే లోపల మసక కడుతుంది, ఒక్కోసారి ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది కూడా. ముందు పావుగంట విడివిడిగా పరచండి. తర్వాత ఒక్కో ఫొటో మీద ఒక్కో మామూలు తెల్ల కాగితం వేసి పేర్చి, ఒక రోజు వదిలేయండి. ఆ తర్వాతే ఆల్బమ్.

వానకోయిల:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ముందుగా ముగ్గురికీ ధన్యవాదాలు.

తమ్ముడి 11 ఫొటోలూ పెద్దగా మార్చకుండానే వచ్చేశాయి. ఫోన్ ఫొటోల్లో 26కి 20 బోర్డర్‌లెస్ తీశాను, ప్రతిదానికీ కోత ఎక్కడ పడాలో నేనే కూర్చుని పెట్టాను. ఒక్కో ఫొటో దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టింది. అలా చూస్తుంటే ఎప్పుడూ గమనించనివి కనిపించాయి. ఒకదాంట్లో వెనక కిటికీలో నాన్న నిలబడి ఉన్నారు, ఇన్నాళ్లూ నేను చూడనే లేదు. మామూలుగా తీసి ఉంటే అటువైపు అంచుతోపాటు ఆయనా పోయేవారు. ఆ ఫొటోను కోయకుండా తెల్ల అంచుతో ఉంచేశాను. అలాంటివి ఇంకో నాలుగున్నాయి. స్కాన్ చేసిన 11 కూడా తెల్ల అంచుతోనే. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాలూ కలిసి బాగానే ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉండాలని నేను ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు అర్థం కావడం లేదు.

పిన్ని అసలు ఫొటో పంపింది, 4000×3000. సిరాబుడ్డి గారు చెప్పినట్టే చేశాను. కోత మొత్తం నేల వైపు, చుట్టూ గోడ రంగు పొడిగింపు, అమ్మమ్మ వైపు ముందు లోపలికి. మొదటిసారి గైడు వదులుగా ఉండి వంకరపోయింది. సరిచేసి రెండోది తీశాను. మామయ్య తల మీద వేలెడు కాకపోయినా సన్నగా గోడ కనిపిస్తోంది. అమ్మమ్మ వేళ్లు అయిదూ ఉన్నాయి, చూపుడువేలికి ఆవిడ ఎప్పుడూ తీయని ఉంగరం కూడా తెలుస్తోంది.

ఇప్పుడది బల్ల మీద, తెల్ల కాగితం కింద ఆరుతోంది. రేపు సాయంత్రం జేబులో పెడతాను.

సిరాబుడ్డి:

చాలా సంతోషం వానకోయిల గారూ. ఆ ఫైలును, గోడ రంగు పొడిగించినదాన్ని, వేరే పేరుతో దాచండి. మీ పిన్ని గారూ మామయ్య గారూ తమకూ ఒకటి కావాలంటారు.

వానకోయిల:

పిన్ని అప్పుడే అడిగిందండీ. ఇంకో మూడు తీయాలి.